చేత్తో పెట్టిన సున్నలు

నా మిషన్లో సున్న విరిగి పద్నాలుగేండ్లయింది.
కళ్యాణదుర్గం ఆర్డీవో ఆఫీసు ముందర
రేకుల షెడ్డు కింద, స్టాంపుల వెండరు పక్కన
నా స్టూలు, నా టైపు మిషను.
సున్న పడాల్సిన చోట కాగితం మీద
చీమ కుట్టినంత గుంట పడుతుంది, సిరా పడదు.
పంట కొడితే పట.
పంది కొడితే పది.
సాయంత్రం తీరిగ్గా కూర్చోని
నల్ల పెన్నుతో ఒక్కో సున్నా చేత్తో పెడతా.
‘మాబున్ని కాగితమా, సున్నలు చూస్తేనే తెలుస్తాది’ అంటాడు
లోపలి సీనియర్ అసిస్టెంటు.

ఊరంతా కంప్యూటర్లు. నాగశేషప్పకు మాత్రం
నా మిషనే అచ్చొచ్చిందంట.
మూడుసార్లు గెలిచినాడు.
నామినేషన్లప్పుడు ఆయన రాడు, కారొస్తుంది,
కారులో ఏజెంటు, ఏజెంటు చంకలో లిస్టు.
కొడతా.
స్వంతానికి ఒక రివాల్వరు, లక్షా ఎనభై వేలు.
భార్యకు డెబ్బై తులాల బంగారు, ఒక పిస్టలు.
ఆయమ్మ దాన్ని ఎప్పుడన్నా పట్టుకుందో లేదో,
ధర మాత్రం నా వేళ్లకు తెలుసు.
ఆధారపడినవాళ్లు: శూన్యం.
బామ్మర్దికి ఫారంలో గడి లేదు.

బామ్మర్ది చిన్నోబులపతికి అనంతపురంలో అంగడి.
గాజు తలుపు, లోపల ఏసీ,
గోడకు వరసగా తుపాకులు,
కింద అరల్లో ఎర్ర తూటాల పెట్టెలు, సబ్బుల మాదిరి.
ఆ అంగడి పెట్టిన దుడ్డు ఎవరిదో
మా వీధి పిల్లోనికి కూడా తెలుసు.
ఫారానికి తెలీదు.

పోయినేడు సభలో సంఘం వేసినారు:
పంట కాపలా తుపాకికి
ఏడాదికి ఎన్ని తూటాలియ్యొచ్చు అని.
యాభై ఉన్నింది. రెండు వందలు చేయమని రాసిచ్చినారు.
సంఘంలో అయిదుగురు, ఒకడు నాగశేషప్ప.
‘రైతు కన్నీళ్లు నేను చూసినా’ అన్నాడంట మైకులో.
అబద్ధమనలేను. చూసింటాడు.
బుడ్డల చేన్లో పందులు పడితే
తెల్లారేసరికి ఎవరో దున్నిపోయినట్టుంటాది.
కన్నీళ్లు నిజమే. పందులు నిజమే.
అంగడి గల్లాపెట్టె కూడా నిజమే.
మూడూ ఒకే నోట్లో ఉన్నప్పుడు
మాట్లాడింది ఏదని చెప్పేది?

కార్తీకంలో, బెళుగుప్ప దిక్కున,
రాత్రి కరెంటుకు మోటరేసి
చలికి నల్ల గొంగడి కప్పుకోని
నీళ్లు కట్టను వంగినాడు ఎర్రిస్వామి.
పక్క గట్టు మీది తుపాకికి లైసెన్సు ఉంది.

వాని పెండ్లాం అక్కులమ్మ అర్జీ కోసం వచ్చింది.
‘ఏం రాయాల?’
‘పంది అనుకోని కాల్చినారని రాయి.’
కొట్టినా.
నా మొగున్ని పది అనుకోని—
ఆయమ్మకు చదువు రాదు, బతికిపోయినా.
ఆ ఒక్క సున్న సాయంత్రం దాకా ఆపలేదు.
కొంగుముడి విప్పి ఖాళీ తూటా చూపించింది,
పోలీసులకు దొరకలేదు, తనకు దొరికిందంట.
ఎర్ర గొట్టం, ఇత్తడి అడుగు,
అడుగున నడిమధ్య చిన్న గుంట.
ఎక్కడో చూసినట్టుంది.
మిషను దిక్కు చూడకుండా
‘దుడ్డు వద్దులేమ్మా’ అన్నా.

మళ్లీ నామినేషన్లు.
ఈసారి ఒక కాగితం ఎక్కువ, పైనుంచి అడిగినారంట:
ఆయుధాల వ్యాపారంతో నాకు గానీ నా వాళ్లకు గానీ
ఏ సంబంధం లేదు.
కొట్టినా.
సబధ లేదు అని పడింది.
పెన్ను మూత తీసినా.
పైన రేకులు ఎండకు టపటపమంటా ఉన్నాయి.
ఏజెంటు టీ తాగుతా గడియారం చూసుకుంటున్నాడు.
వ్యాపారానికి సున్న పెట్టినా.
మూడు సున్నలున్న మాట దగ్గరికొచ్చి
మూత పెట్టేసినా.

ఆయన చదవలేదు, సంతకం చేసినాడు.
నోటరీ చదవలేదు, ముద్ర కొట్టినాడు.
లోపల ఫైలుకు ట్యాగు కట్టబోతా
సీనియర్ అసిస్టెంటు ఆగినాడు.
కిటికీలోంచి నా దిక్కు చూసినాడు,
రవ్వంత సేపు.
పేజీ తిప్పినాడు.